చీటీలు తక్కువున్న గది

నమోదు 611

షిఫ్టు ఎక్కేసరికే వరస మలుపు దాకా ఉంది. అందరికీ ఎక్కువ గాలి కావాలి. చుట్టం వచ్చినా గాలే, చంటిది ఏడ్చినా గాలే, మామగారు దగ్గి దగ్గి నీలుక్కుపోయినా గాలే. పైన ఎండకి తాళలేక మా తాతలు ఈ పాత బొగ్గుబాయిలోకి దిగినప్పుడు తిండి గురించి ఆలోచించారు, నీళ్ళ గురించి ఆలోచించారు. మనిషి ఊరికే కూర్చున్నా ఊపిరి పీలుస్తాడన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టినట్టు లేదు.

కిటికీ దగ్గరికి వచ్చాక ఎంత పొగరుబోతైనా పిల్లిలా అయిపోతాడు. వెనకవాడికి వినబడకుండా కన్నానికి నోరానించి గొణుగుతాడు. ఎక్కువ గాలి అడగడం మా బాయిలో నామోషీ. తన వాటాతో తన ఇల్లు నడుపుకోవడం చేతకాలేదని ఒప్పుకోవడమే అది. అందుకే ఎవరు అడిగారో, ఏం జవాబొచ్చిందో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. నాకూ అదే హాయి. గుంపు కట్టి మీద పడరు.

వాళ్ళు గొణిగింది నేను చీటీ మీద రాస్తాను. ఏ ఇళ్ళ లైను, ఎవరికి, ఎందుకు. సార్లకీ, కిటికీ మనిషికీ, వెనక గదుల్లో కూర్చునేవాళ్ళకీ తప్ప బాయిలో ఇంకెవరికీ అక్షరాలు కాదు కదా, అంకెలు కూడా నేర్పరు. నేర్పితే ఎవరి చీటీ వాళ్ళే రాసుకుంటారని పెద్దల భయం. రాసిన చీటీని వెనకున్న ఐదు గదుల్లో ఒకదాని గొట్టంలో వేస్తాను. లోపలి మనిషి ఆలోచించి, ఇవ్వచ్చనుకుంటే నీలం ముద్ర వేస్తాడు, కుదరదనుకుంటే ఎర్ర ముద్ర. నీలం ముద్ర పడితే చీటీ పంపు మనిషికి అందించి ఏ లైనో చెప్తాను, అతను ఆ లైను చక్రం తిప్పుతాడు. జవాబు చెప్పేది మాత్రం నేనే, నా గొంతుతోనే. వెనక గదులున్నాయని వరసలో నిలబడేవాళ్ళకి తెలియదు. "మధునక్క ఇచ్చింది", "మధునక్క కాదన్నది" అనుకుంటారు. అనుకోనీ.

ఇవ్వాళ అండర్‌మేనేజరు నిరంజన్ సార్ వచ్చి గోడ మీది బోర్డు చూసి మొహం మాడ్చుకున్నాడు. బోర్డు మీద ఒక్కో చీటీకి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో పడుతుంది.

"ఏంది మధునమ్మా, ఒక్క జవాబుకు పూటకు పూట అయితున్నది. పైనోల్లకు నేనేం చెప్పాలె?"

"వంతులు గద సార్. ఒకటో గదికొకటి, రెండో గదికొకటి, గట్ల ఏస్కుంట పోతున్న. రెండో గది భూలక్ష్మి ఒక్క చీటికి సవాలక్ష అడుగుతది. ఆమె ముంగట కుప్ప వడ్తున్నది."

"ఇగ వంతులు బంద్ వెట్టు. ఎవల ముంగట చీటీలు తక్కువుంటె ఆల్లకే ఎయ్యి. తక్కువున్నయంటె ఆడ పని నడుస్తున్నట్టే గద."

గదివాళ్ళ పేర్లు నాకు తెలియకూడదు. వాళ్ళు వెనక దారిన, మొహానికి తువ్వాల చుట్టుకుని, బూడిదరంగు అంగీలో వస్తారు, ఎవరూ వెంటపడి బతిమాలకుండా. అయినా ఇన్నేళ్ళుగా గొట్టాలు చూస్తున్నదాన్ని, నాకు తెలియకుండా పోతాయా? సార్ కూడా పేరు విని విననట్టు ఊరుకున్నాడు.

నమోదు 613

కొత్త పద్ధతి బాగానే ఉంది. నాలుగో గది పోచమల్లు చురుకైపోయాడు. ఇదివరకు మహా మెతక మనిషి, చీటీ చేతిలో పట్టుకుని కూర్చునేవాడు, జవాబు కోసం నేను గొట్టం తట్టి తట్టి విసిగిపోయేదాన్ని. ఇప్పుడు వేసింది వేసినట్టే వెనక్కి వస్తోంది. ఆరోగ్యం బాగా లేదని విన్నాను గానీ, మనిషికి ఆరోగ్యం పాడైతే పని ఇంత బాగా సాగుతుందని తెలిస్తే అందరికీ దగ్గు పట్టించేదాన్ని.

షిఫ్టులో అప్పుడప్పుడు ప్రతి గొట్టం మీదా రెండు దెబ్బలు కొడతాను, మనిషి ఉన్నాడో లేడో చూడటానికి. లోపల్నుంచి ఒక దెబ్బ రావాలి. దాన్ని పలుకు అంటాం. మూడుసార్లు పలుకు రాకపోతే ఆ గదికి చీటీలు ఆపెయ్యాలి, ఆ మనిషి ఇంటికి గది గాలి కూడా ఆగిపోతుంది. గది గాలి అంటే, కొరత రోజుల్లో ఊరందరి వాటా కోసినా గదివాళ్ళ ఇంటి వాటా కొయ్యరు. దానికోసమే కదా ఆ చీకటి కొట్లలో కూర్చునేది. నాలుగో గది పలుకు నా చెయ్యి ఆగకముందే వచ్చేస్తోంది.

షిఫ్టు దిగి తొమ్మిదో లైనుకి, చెల్లెలు సారక్క దగ్గరికి వెళ్ళాను. ఎనిమిదో నెల. మొదటి ఇద్దరూ పుట్టిన గదిలోనే నల్లబడిపోయారు. పురిటి వేళ తల్లికి ఊపిరి చాలకపోతే లోపలి బిడ్డకేం అందుతుంది? అప్పుడు రెండుసార్లూ చీటీ నేనే రాశాను, రెండుసార్లూ నేనే గొట్టంలో వేశాను. ఒకసారి ఎర్ర ముద్ర పడింది. ఇంకోసారి నీలమే పడింది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది.

"అక్కా, ఈసారి గూడ గట్లనే అయితె నేను ఆ లిఫ్టుల కూసోని పైకి పోత," అంది. ఏడవలేదు. ఏడిస్తే గాలి ఎక్కువ ఖర్చవుతుందని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు.

"నేను ఉన్న గద," అన్నాను. తల్లి పోయాక దాన్ని ఎత్తుకుని పెంచింది నేనే. నాకు పిల్లల్లేరు. మొగుడున్నాడా అంటే ఉన్నాడు, ఏ లైనులో ఉన్నాడో తెలియదు. నాకున్నదల్లా అది. ఈసారి దాని బిడ్డ బతకాలి. బాయిలో ఇంకెవరు ఏమైనా నాకు పట్టదు, ఈ మాట రాసిపెట్టుకుంటున్నాను. ఈ నమోదులు ఎలాగూ ఎవరూ చదవరు.

నమోదు 618

వరస కరిగిపోయింది. ఇలా వచ్చి అలా వెళ్తున్నారు. పద్ధతి ప్రకారం నాలుగో గది ముందు ఎప్పుడూ తక్కువ చీటీలే ఉంటాయి, అసలు ఉండనే ఉండవు, కనుక చీటీలన్నీ దానికే పోతున్నాయి. మిగతా నలుగురూ గోళ్ళు గిల్లుకుంటున్నారు.

ఆరో లైను రాయమల్లు వచ్చాడు. ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు. భార్యకి ఆయాసమట.

చీటీ వేశాను, వచ్చింది, చూశాను. నీలం లేదు.

"లేదు," అన్నాను.

"జెర మల్ల జూడు మధునక్కా. నేను ఇంతకు ముందెన్నడు అడగలె."

"అడిగినోల్లంత గదే అంటరు. జరుగు, ఎనుకోల్లున్నరు."

కన్నం దగ్గర నోరు కాసేపు అలాగే పెట్టి ఉంచాడు. వేడి ఊపిరి నా చెంపకి తగిలింది. తర్వాత వెళ్ళిపోయాడు. నాకు జాలి లేకపోలేదు, కానీ జాలిపడితే వరస ఆగుతుంది.

నిరంజన్ సార్ బోర్డు చూసి పొంగిపోయాడు. నెత్తిన పాలు పోసినట్టుంది అన్నాడు. పైన అద్దాల తోటలో కాసే నిమ్మకాయలు రెండు కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేను వాటిని జీవితంలో ఎన్నిసార్లు చూశానో చేతివేళ్ళ మీద చెప్పచ్చు. రెండూ సారక్కకే ఇచ్చాను. తొక్కతో సహా నమిలి తినేసింది.

వెళ్తూ వెళ్తూ సార్ ఒకటో గదికీ ఐదో గదికీ తాళం వేయించాడు. పని లేకుండా కూర్చోబెట్టి గది గాలి ఎందుకు పెట్టాలన్నాడు. నిజమే కదా.

నమోదు 622

మూడో గది కూడా మూసేశారు.

షిఫ్టు దిగాక లిఫ్టు దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే లిఫ్టు నడిపే కొండయ్య పలకరించాడు. పోయినవాళ్ళని పైకి పంపేది అతనే. పైన ఎండ మిగతా పని చూసుకుంటుంది.

"నీ కిటికి కాడ వరుస తగ్గింది గని మధునక్కా, నా కాడ పెరిగింది."

"ఎండకాలం గద," అన్నాను.

"ఎండకాలం మనకు పన్నెండు నెలలు ఉంటది."

అతనికి వేళాకోళం ఎక్కువ. రాయమల్లు భార్య నిన్న పోయిందని కూడా అతనే చెప్పాడు. రాయమల్లు ఆమెను భుజాన వేసుకుని తెచ్చాడట, ఎవరినీ పట్టనివ్వలేదట.

నమోదు 626

ఇవ్వాళ రెండో గదికి తాళం పడింది. ఇప్పుడిక మిగిలింది నాలుగో గది ఒక్కటే. బాయంతటికీ ఒక్క పోచమల్లు చాలుతున్నాడు. సార్ దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నాడు.

భూలక్ష్మి వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చింది. గది మనిషి కిటికీ మనిషితో మాట్లాడకూడదు. మొహం మీది తువ్వాల తీసి మరీ మాట్లాడింది. నేననుకున్నంత ముసలిది కాదు.

"నన్ను పంపుతె పంపిన్రు. మా ఇంటి గాలి కోస్తె కోసిన్రు. ఒక్కటడుగుత, చెప్తవా? ఈ నడుమ నీలం ముద్ర ఎన్నడన్న జూసినవా?"

చూశాననబోయి ఆగాను. ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఎర్రదైన?" అంది.

ఆమె వెళ్ళాక చీటీలు గుచ్చే ఇనపకడ్డీ కిందకి లాగి చూశాను. నాకు ముందునుంచీ అలవాటొకటుంది. నీలం ఉందా లేదా అనే చూస్తాను. నీలం లేకపోతే లేదు అనేస్తాను, అక్కడ ఎర్ర ముద్ర ఉందా అని పనిగట్టుకుని చూడను. ముద్ర లేని చీటీని లేదన్నట్టే లెక్కించాలని రూలు కూడా ఉంది. కడ్డీ నిండా నాలుగో గది చీటీలే. నా చేతిరాత తప్ప వాటి మీద ఇంకేం లేదు. ఎర్రా లేదు, నీలమూ లేదు. ఎలా వేసినవి అలాగే తిరిగి వచ్చాయి.

భయమేసింది. ఎందుకో రాస్తాను, అబద్ధం ఎందుకు? పోయినవాళ్ళ గురించి కాదు. సారక్కకి నెలలు నిండుతున్నాయి.

నమోదు 627

షిఫ్టు మొదట్లోనే నిరంజన్ సార్ దగ్గరికి వెళ్ళాను.

"సార్, నాలుగో గది కెల్లి అన్ని లేదనే వస్తున్నయ్."

"వస్తున్నయా, లేదా?"

"వస్తున్నయ్."

"ఎంతసేపట్ల?"

"చిటికెల."

"మరింకేంది? జవాబు ఏందనేది గదోల్ల ఇష్టం. ఎంతసేపట్ల వచ్చింది, గదే మనం జూసేది. నాలుగు గదులు మూసినంక మల్ల తెరువమని పైనోల్లను నేనెట్ల అడుగుత? నీకేమన్న ఇబ్బందుంటె చెప్పు, కిటికీల ఇంకొకల్లను కూసోవెడ్త."

"నాకేం ఇబ్బంది సార్," అని వచ్చేశాను.

షిఫ్టు ముగిశాక ఇంటికి పోకుండా వెనక దారిలో, గదుల గుమ్మాల దగ్గర నిలబడ్డాను. నాలుగో గది తలుపు తీసుకుని బూడిదరంగు అంగీ బయటికి వచ్చింది. మొహానికి తువ్వాల గట్టిగా చుట్టి ఉంది. ఎత్తు పోచమల్లు ఎత్తే. నడక కూడా అలాంటిదే, కుడికాలు కొంచెం ఈడుస్తూ. నేను కిందకి చూశాను. చెప్పుల్లోంచి వేళ్ళు కనబడుతున్నాయి. రెండు కాళ్ళకీ మట్టెలు.

చెయ్యి పట్టుకుని వెనక్కి గదిలోకి నెట్టి తలుపు వేశాను. తువ్వాల లాగేశాను. పోచమల్లు పెళ్ళాం, ఎల్లవ్వ.

కాళ్ళ మీద పడిపోయింది. లేవదీయడానికి కొంతసేపు పట్టింది.

"ఆయినె ఏడి?"

"పోయిండక్కా. ఇంట్లనే పండుకున్నడు, లేవలె. పిల్లలు లేవకముందే మూసేసిన పాత సొరంగంల పండవెట్టిన, లిఫ్టు కాడికి తీస్కపోలె. తీస్కపోతె తెలుస్తది గద. తెలిస్తె గది గాలి ఆపుతరు. నా కొడుక్కు ఆయినె దమ్మే వచ్చిందక్కా. గది గాలి లేకపోతె ఆడు బతుకడు."

అందుకే మట్టెలు తీయలేదట. తీస్తే ఎవరైనా కనిపెడతారని. మొగుడి అంగీ, మొగుడి తువ్వాల, మొగుడి నడక. మొహం కప్పుకుని తిరగమన్నది మేమే, ఇక ఎవరు వచ్చారో ఎవరికి తెలుస్తుంది?

"చీటీలేం జేస్తున్నవ్?"

"నాకేం ఎరుక, నాకు సదువు రాదాయె. అవి వస్తనే ఉన్నయ్. కుప్ప వడ్తె ఎవలన్న లోపటికి వచ్చి జూస్తరని భయమైంది. వచ్చింది వచ్చినట్టె ఎనుకకు వంపుతున్న. నువ్వు కొడితె పలుకుతున్న. ఆయినె చెప్తుండె, పలుకు తప్పొద్దని."

నాకు నవ్వొచ్చింది, ఏం దాచుకోను. బాయిలో అందరికంటే వేగంగా పని చేసే మనిషి, బోర్డు మీద పేరు లేకుండా పేరు తెచ్చుకున్న మనిషి, చీటీ మీద ఏముందో తెలియని ఆడది. వచ్చిన కాగితం వచ్చినట్టు తోసేస్తోంది, అది చూసి మేం మంచిగా ఆలోచించే నలుగురిని ఇంటికి పంపేశాం.

"నేనేమన్న తప్పు జేసిన్నా అక్కా? ఎవలకన్న ఏమన్న అయ్యిందా?"

రాయమల్లు భార్య గుర్తొచ్చింది. కొండయ్య లిఫ్టు గుర్తొచ్చింది. చెప్పెయ్యచ్చు. ఎల్లవ్వను చెయ్యి పట్టుకుని సార్ ముందు నిలబెట్టచ్చు, అప్పుడు ఎంత తలవంపులైనా గదులు తెరవాల్సిందే. భూలక్ష్మి వస్తుంది, మిగతావాళ్ళు వస్తారు. కానీ అప్పుడు సారక్క చీటీ ఎవరి ముందు పడుతుంది? ఏ ముద్ర పడుతుంది? ఎంతసేపటికి పడుతుంది? ఆ మంచివాళ్ళ చేతుల్లోనే కదా ఇద్దరు పోయారు. ఇప్పుడు ఉన్నదొక్కటే గది, ఆ గదిలో ఉన్నది నేను చెప్పింది చేసే మనిషి. బల్ల మీద నీలం ముద్ర దుమ్ము కొట్టుకుని ఉంది.

"ఏం కాలె," అన్నాను. "మంచిగనే జేస్తున్నవ్. ఎవలకు చెప్ప. ఒక్కటే పని. ఎప్పుడన్న మూల మడిచిన చీటి వస్తె, ఇగో ఈ నీలం దాంట్ల అద్ది దాని మీద గుద్ది పంపు. మడువని చీటీలు ఇప్పుడు పంపినట్టె పంపు. గంతె."

"గంతేనా?"

"గంతే."

నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. చీటీ ఒకటి తీసి మూల మడిచి చూపించాను. ముద్ర ఎలా గుద్దాలో నేర్పాను. మొదటిసారి తలకిందులుగా గుద్దింది, రెండోసారి బాగానే వచ్చింది.

నమోదు 631

ఏ మూలా మడవలేదు. అందరికీ లేదు, లేదు అని చెప్పి గొంతు పోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించాను.

పదో లైను ముసలమ్మ ఒకామె కన్నంలోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి తడిమింది. "నీ చేతులు మంచియి బిడ్డా, నీ చేత్తో ఎయ్యి," అంది. నా చేత్తోనే వేశాను. వచ్చింది చూడకుండానే లేదన్నాను. చూసి మాత్రం ఏం చెయ్యాలి?

నమోదు 634

షిఫ్టు మధ్యలో సారక్క మొగుడు ఓదేలు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వరసని తోసుకుని వచ్చాడు. జనం తిట్టారు గానీ, అతని మొహం చూసి దారి ఇచ్చారు.

"వదినే, నొప్పులు మొదలైనయ్. పెదవులు నల్లగైతున్నయ్."

చీటీ రాశాను. మూల మడిచి గోటితో గీరాను. గొట్టంలో వేసి దాని ముందే నిలబడ్డాను. వచ్చింది. మధ్యలో నీలం ముద్ర, కొంచెం పక్కకి జరిగినా నీలమే. ఎన్నాళ్ళకి వచ్చిందో గొట్టంలోంచి ఆ రంగు. పంపు మనిషికి ఇస్తే అతను చీటీని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇంక మీ దగ్గర నీలం ఉన్నదా? సిరా అయిపోయిందనుకున్న. పంపు పాతదాయె మధునక్కా, ఒక్క లైనుకే ఇయ్యగలుగుత. ఇంకోటి తెరిస్తె ఇది సగమైతది."

"ఇంకోటి రాదు తియ్యి."

చక్రం తిరిగిన చప్పుడు గోడలోంచి వినబడింది. తొమ్మిదో లైను వైపు గాలి పోతున్న చప్పుడు నాకు తెలుసు, ఈల వేసినట్టుంటుంది. ఓదేలు వెనక్కి పరుగెత్తాడు. నేను వరసలోవాళ్ళకి లేదు, లేదు అంటూనే ఆ ఈల వింటూ కూర్చున్నాను. దేవుణ్ణి ఎప్పుడూ అడగనిదాన్ని, ఆ పంపు ఆగకూడదని అడిగాను.

తర్వాత కన్నంలో ఎవరూ కనబడలేదు. కిందకి వంగి చూస్తే ఒక పిల్ల. మునివేళ్ళ మీద నిలబడినా నోరు అందడం లేదు. పదేళ్ళుంటాయేమో.

"పెద్దమ్మా, మా తమ్మునికి దమ్ము ఆడ్తలేదు. కండ్లు తేలేస్తున్నడు."

"ఏ లైను?"

"నాలుగు."

"ఇంట్ల పెద్దోల్లెవలు లేరా?"

"అమ్మ పనికి పోయింది. ఏడికో చెప్పలె." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నా పేరు స్వరూప. పోచమల్లు బిడ్డను. మా బాపు ఈన్నే లోపట పనిజేస్తడు. ఎవలకు చెప్పొద్దన్నడు. శాన దినాలైంది ఇంటికి రాక. ఆయినెను అడిగితె ఇస్తడు పెద్దమ్మా."

చీటీ రాశాను. నాలుగో లైను, పోచమల్లు కొడుకు, దమ్ము. చీటీ మూల నా బొటనవేలి కింద ఉంది. గోడలో తొమ్మిదో లైను ఈల వినబడుతోంది. సారక్క ఇంకా కనలేదు, కంటే ఓదేలు వచ్చేవాడు. ఈ మూల మడిస్తే ఆ ఈల సగమైపోతుంది. నల్లబడిన పసిమొహాలు రెండు చూశాను, మూడోది చూడలేను.

మూల మడవలేదు. గొట్టంలో వేశాను. ఇంకా చెయ్యి తీయకముందే తిరిగి వచ్చింది, ఖాళీగా. గోడకి అటు పక్క ఆ పిల్లవాడి తల్లి తన చేత్తో పట్టుకుని, తన చేత్తో తోసేసింది.

"లేదు," అన్నాను.

"మా బాపును అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"మీ బాపే లేదన్నడు."

స్వరూప ఏడవలేదు. "సరె," అని, గౌను సర్దుకుని, వరసలోవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి దూరి వెళ్ళిపోయింది. తర్వాతి మనిషి కన్నానికి నోరానించాడు. లేదన్నాను.

షిఫ్టు ముగిసే ముందు ఓదేలు వచ్చాడు. ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆడపిల్ల. పుడుతూనే కేకలు పెట్టిందట, లైనంతా వినబడిందట, సారక్క కూడా బాగుందట. జేబులోంచి చక్కెర పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని ఎక్కడ సంపాదించాడో, దేనికి బదులిచ్చాడో అడగలేదు. కిటికీ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. గాలి ఖర్చవుతుందన్న సంగతి కూడా గుర్తు రాలేదు. సంతోషంతోనే ఏడ్చాను, అది నిజం.

తర్వాత వెనక దారికి వెళ్ళాను. వెళ్ళకుండా ఇంటికి పోవచ్చు. కాళ్ళు అటే తీసుకెళ్ళాయి.

ఎల్లవ్వ బయటికి వచ్చి, ఎవరూ లేరని చూసుకుని తువ్వాల కొంచెం దించింది. మొహం వెలిగిపోతోంది.

"మడిచింది వచ్చిందక్కా. గుద్దిన. మంచిగ వడ్డదా?"

"వడ్డది. మా చెల్లె కన్నది."

"బతికిందా పిల్ల?"

"బతికింది."

"నా చేతిముద్రతోని ఒక పానం నిలవడ్డది," అంది, తన అరచేతిని తనే చూసుకుంటూ. "ఆయినె గూడ ఎన్నడన్న నీలం గుద్దిన నాడు ఇంటికొచ్చి బువ్వ మంచిగ తింటుండె. ఇప్పుడు ఎరుకైంది ఎందుకో. మిగిలినయి ఒక్కటి గూడ ఆగనియ్యలె అక్కా, వచ్చింది వచ్చినట్టె వంపిన. మంచిగ జేసిన్నా?"

నోరు తెరిచాను. ఆమె నా మొహంలోకి చూస్తోంది. చిన్నపిల్లలు మెప్పు కోసం చూసినట్టు చూస్తోంది.

"మంచిగ జేసినవ్," అన్నాను. చక్కెర పొట్లం విప్పి ఆమె దోసిట్లో పోశాను. అంతా పోసేశాను.

"ఇంతనా? ఇంత ఎందుకక్కా," అంటూనే నాలిక్కి ఒక్క పలుకు కూడా తగిలించుకోకుండా అంగీ అంచులో జాగ్రత్తగా ముడేసుకుంది. "మా చిన్నోడు చక్కెర మొకం జూడక ఎన్ని దినాలైందో. ఇయ్యాల వానికి పండుగ."

మొహానికి తువ్వాల చుట్టుకుని, ముడిని గుప్పిట్లో పట్టుకుని, నాలుగో లైను వైపు గబగబా నడిచింది. తొందరలో కుడికాలు ఈడవడం మర్చిపోయింది.